భయం కింద సంతకం

పత్రికల్లో కథలకు బొమ్మలు వేస్తూ బతుకు వెళ్లదీసిన ఒక చిత్రకారుడి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసం ఇది. ఇలాంటి వేదిక మీద, పాఠకుడు ఒక క్షణం చూసి పేజీ తిప్పేసే బొమ్మ వెనక ఉన్న మనిషి గురించి మాట్లాడటమే న్యాయం. అందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ మనకు చాలా దూరానిది. 1950ల అమెరికాలో పది సెంట్లకు అమ్ముడుపోయిన భయానక కామిక్స్‌లో కొన్ని కథలు ఉన్నాయి. వాటిని రాసినవాళ్లు, బొమ్మలు వేసినవాళ్లు, అచ్చువేసినవాళ్లు తమ సొంత పేర్లతో, సొంత ముఖాలతో ఆ కథల్లో పాత్రలయ్యారు. శవాలు లేచే చోట, బొమ్మలు ప్రాణాలు తీసే చోట వాళ్లు కూడా కనిపిస్తారు. వీటిని సరదా ప్రయోగాలుగా, సంపాదకుల చిలిపితనంగా చూడటం అలవాటైంది. నా అభిప్రాయం వేరు. పేరు దక్కని పరిశ్రమలో పనిచేసిన మనుషులు, తాము పుట్టించిన భయానికి తామే బాధ్యులమని ఒప్పుకున్న పత్రాలు ఈ కథలు. భయాన్ని సృష్టించే కళకు నీతి అంటూ ఒకటి ఉంటే, సృష్టించినవాడు కనబడటంతోనే అది మొదలవుతుంది. ఈ మాటను సాక్ష్యాలతో నిలబెట్టడం, దీనికి ఎదురయ్యే అభ్యంతరాలకు జవాబు చెప్పడం నా పని.

మొదట ఆ పరిశ్రమ ఎలా నడిచిందో గుర్తు చేసుకోవాలి. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నిటినీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. బ్యాట్‌మ్యాన్ రూపకల్పనలో పెద్ద పాలు ఉన్న బిల్ ఫింగర్ పేరు ఏళ్ల తరబడి పుస్తకం మీద లేదు. సృష్టికర్తల్లో ఒకడిగా అధికారికంగా ఆ పేరు చేరింది 2015లో, ఆయన పోయిన నలభై ఏళ్లకు. చాలా సంస్థలు పారితోషికం చెక్కు వెనక ఒక షరతు ముద్ర కొట్టేవి. దాని కింద సంతకం పెడితేనే డబ్బు చేతికొచ్చేది, ఆ సంతకంతోనే హక్కు చేజారేది. పని కూడా ముక్కలుగా సాగేది. ఒకరు కథ రాస్తారు, ఒకరు పెన్సిల్‌తో గీస్తారు, మరొకరు ఇంకు పెడతారు, ఇంకొకరు అక్షరాలు దిద్దుతారు, వేరొకరు రంగులు నిర్ణయిస్తారు. పుస్తకం బయటికి వచ్చేసరికి పాఠకుడికి మిగిలేది పాత్ర పేరు, సంస్థ ముద్ర. ఇంతమంది చేసిన వస్తువు ఎవరూ చేయనట్టు కనిపించేది. నేను చెప్పబోయే కథల బరువు తెలియాలంటే ఈ నేపథ్యం మనసులో ఉంచుకోవాలి.

ఈసీ కామిక్స్ సంస్థ పిల్లలకు బైబిలు కథలు, చరిత్ర కథలు బొమ్మల్లో చెప్పడానికి పుట్టింది. స్థాపకుడు మ్యాక్స్ గెయిన్స్ 1947లో పడవ ప్రమాదంలో మరణించడంతో పాతికేళ్ల కొడుకు విలియం గెయిన్స్ మీద బాధ్యత పడింది. మరుసటి ఏడు ఆల్ ఫెల్డ్‌స్టీన్ వచ్చి చేరాడు. 1950లో వాళ్లిద్దరూ సంస్థ దారి మార్చి 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్' అనే మూడు భయానక పత్రికలను నిలబెట్టారు. పక్కనే వైజ్ఞానిక కల్పనల పత్రికలు కూడా నడిపారు. గెయిన్స్ రాత్రిళ్లు దొరికిన పుస్తకమల్లా చదివి కథకు బీజాలు ఏరుకొచ్చేవాడు. ఫెల్డ్‌స్టీన్ వాటిలో ఒకదాన్ని పట్టుకుని కథ అల్లేవాడు. చిత్రకారుడి చేతికి వెళ్లేసరికే అట్ట మీద మాటలన్నీ అక్షరాల్లో దిద్ది ఉండేవి. మాటలు వదిలిన చోటే బొమ్మ ఇమడాలి. ఇంత బిగింపులోనూ ఈ సంస్థ ఒక పని చేసింది. చిత్రకారులను తమ బొమ్మ మీద సంతకం పెట్టనిచ్చింది. జానీ క్రెయిగ్, జాక్ డేవిస్, గ్రాహమ్ ఇంగెల్స్, జాక్ కేమెన్ వంటివాళ్ల ఫొటోలు, జీవిత పరిచయాలు సంచికల్లో అచ్చువేసింది. ఇంగెల్స్ తన భయంకరమైన శైలికి తగ్గట్టు 'గాస్ట్లీ' అని సంతకం చేసేవాడు. పాఠకులు ఆ గీత చూసి మనిషిని గుర్తుపట్టడం నేర్చుకున్నారు, ఉత్తరాల్లో ఫలానా ఆయన బొమ్మ కావాలని అడగడం మొదలుపెట్టారు. సృష్టికర్తలు కథల్లోకి అడుగుపెట్టింది ఈ వాతావరణంలోనే.

1950 సెప్టెంబరు-అక్టోబరు 'హాంట్ ఆఫ్ ఫియర్'లో వచ్చిన 'హారర్ బినీత్ ది స్ట్రీట్స్' చూడండి. గెయిన్స్, ఫెల్డ్‌స్టీన్ రాత్రివేళ వీధిలో నడుస్తుంటే ఎవరో వెంటపడతారు. ఇద్దరూ మురుగు కాలువల సొరంగంలోకి దిగుతారు. అక్కడ వాళ్లకు తమ పత్రికల కథలు చెప్పే వికృత వ్యాఖ్యాతలే ఎదురవుతారు. భయానక పత్రికలు వేస్తామని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించుకుని గానీ వదలరు. పైకి ఇది పత్రిక పుట్టుక గురించిన కట్టుకథ. దీనిలో తలకిందులైనదేమిటో గమనించాలి. నిజజీవితంలో ప్రచురణకర్త ముందు తలవంచి సంతకం పెట్టేవాడు చిత్రకారుడు, రచయిత. ఇక్కడ ప్రచురణకర్తే సంతకం పెడుతున్నాడు, అదీ తన కల్పన ముందు. ఈ భయానికి కర్త ఎవరన్న ప్రశ్నకు, ఆ పత్రం మీద ఉన్న పేర్లు మావేనన్న జవాబు కథలోనే ఉంది. అదే ఏడాది 'వియర్డ్ ఫాంటసీ'లో వచ్చిన 'కాస్మిక్ రే బాంబ్ ఎక్స్‌ప్లోజన్' ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులోనూ గెయిన్స్, ఫెల్డ్‌స్టీన్ పాత్రలే. పత్రిక కోసం వాళ్లు ఊహించి రాసిన బాంబు కేవలం ఊహగా మిగలదు, వినాశనానికి దారి తీస్తుంది. దీనికి వెనక ఒక నిజమైన ఘటన ఉంది. 1944లో క్లీవ్ కార్ట్‌మిల్ రాసిన ఒక కథలో అణుబాంబు వర్ణన వాస్తవానికి మరీ దగ్గరగా ఉండటంతో అమెరికా భద్రతాధికారులు దాన్ని అచ్చువేసిన పత్రిక మీద విచారణ జరిపారు. ఆ ఉదంతాన్ని మరెవరైనా అయితే రచయిత దూరదృష్టికి నిదర్శనంగా చెప్పుకునేవారు. ఈసీ కథ మాత్రం రాసినవాడి బాధ్యత ఎక్కడిదాకా పోతుందని అడిగింది. తన ఊహ లోకాన్ని తగలబెడితే తాను ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నను సొంత పేరు మీద వేసుకుంది.

1952లో 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' 31వ సంచికలో వచ్చిన 'కేమెన్స్ కెలామిటీ' ఈ పరంపరలో అన్నిటికన్నా ముఖ్యమైనదని నేను భావిస్తాను. జాక్ కేమెన్‌ది చక్కని అమ్మాయిలను, శుభ్రమైన ఇళ్లను గీసే చెయ్యి. ఈసీ ప్రేమకథల పత్రికలు ఆపేశాక ఆయన కూడా భయానక కథలకు మారవలసి వచ్చింది. కథలో సరిగ్గా అదే జరుగుతుంది. గెయిన్స్, ఫెల్డ్‌స్టీన్ ఆయనను పిలిచి ఇక నుంచి భయం గీయమంటారు, ఆ పనిలో పడ్డ మెతక మనిషి స్వభావమే మారిపోతుంది. యజమాని వ్యాపార నిర్ణయం పనివాడి మనసు మీద ఎలాంటి ముద్ర వేస్తుందో, ఆ నిర్ణయం తీసుకున్న యజమాని బొమ్మతో సహా, ఆ పనివాడి చేతే గీయించిన కథ ఇది. 1951లో అదే పత్రికలో జాక్ డేవిస్ గీసిన 'డ్రాన్ అండ్ క్వార్టర్డ్'లో ఒక పేద చిత్రకారుడికి వూడూ శక్తి వస్తుంది. అతను వేసిన చిత్రానికి ఏ గాయమైతే మనిషికి ఆ గాయం. తన కష్టాన్ని దోచుకున్నవాళ్ల మీద దాన్ని ప్రయోగించి, చివరికి తన స్వీయచిత్రానికి జరిగిన హానితోనే చస్తాడు. ప్రాణం ఉన్న చిత్రపటం ప్రపంచ సాహిత్యానికి కొత్త కాదు. పో, గొగోల్, ఆస్కార్ వైల్డ్ ఆ దారిలో నడిచారు, లవ్‌క్రాఫ్ట్ 1926లో 'పిక్‌మన్స్ మోడల్' రాశాడు. కాని వాళ్ల చిత్రకారులు ఎక్కువగా ఏకాంత ప్రతిభావంతులు. కామిక్స్ చిత్రకారుడికి ఇంటి అద్దె ఉంది, తక్కువ ధరకు కొని ఎక్కువకు అమ్ముకునే దళారి ఉన్నాడు, గడువు ఉంది. కళాకారుణ్ణి కూలివాడిగా చూపడం ఈ కథల కొత్తదనం. అది గ్రంథాలయాల నుంచి వచ్చిన జ్ఞానం కాదు, అదే జీవితం గడిపినవాళ్లు చెప్పిన సత్యం.

మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. ఇదంతా ప్రచారం కాదా, సంపాదకులు తమ ముఖాలు చూపించి పాఠకులతో చుట్టరికం కలుపుకుని పత్రిక అమ్ముకోలేదా అని అడగవచ్చు. అమ్ముకున్నారు, సందేహం లేదు. కాని ప్రచారం కోసమే అయితే మనిషి తనను తాను ఎలా చూపించుకుంటాడో తెలుసుకోవడానికి పోల్చి చూసే ఉదాహరణ ఆ కాలంలోనే ఉంది. 1953 ఏప్రిల్‌లో అట్లాస్ సంస్థ 'సస్పెన్స్' పత్రికలో స్టాన్ లీ రాయగా జో మనీలీ గీసిన 'ది రేవింగ్ మానియాక్' వచ్చింది. భయానక కామిక్స్ మీద మండిపడుతూ ఒకడు సంపాదకుడి గదిలోకి దూసుకొస్తాడు. సంపాదకుడు భావ స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇస్తాడు. చివరికి ఆ వచ్చినవాడు పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న మనిషని తేలుతుంది. సంపాదకుడు హాయిగా ఇంటికి వెళ్లి తన చిన్నారికి కథ చెబుతాడు. నేర్పుగా గీసిన కథే. కాని ఇందులో ప్రశ్న అడిగినవాడు పిచ్చివాడు, జవాబు చెప్పినవాడు మచ్చలేని గృహస్థు. ఇది ఆత్మరక్షణ. దీని పక్కన ఈసీ కథలను పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటిలో సృష్టికర్తలు గెలవరు. భయపడతారు, లొంగిపోతారు, తమ ఊహ వల్ల జరిగిన నష్టానికి సాక్షులవుతారు. తమ సరుకు అమ్ముకోవడానికి తమనే దోషులుగా నిలబెట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. అలా నిలబెట్టుకున్నారంటే అమ్మకాన్ని మించిన ఆలోచన ఒకటి అందులో ఉందని ఒప్పుకోవాలి.

రెండో అభ్యంతరం బరువైనది. పిల్లల చేతుల్లోకి ఇలాంటివి వెళ్లడం మంచిదా? ఈ ప్రశ్న అడిగిన డాక్టర్ ఫ్రెడ్రిక్ వర్థమ్‌ను తేలికగా కొట్టిపారేయడం కామిక్స్ అభిమానులకు అలవాటు. అది న్యాయం కాదు. 1946లో న్యూయార్క్ హార్లెమ్‌లో పేద నల్లజాతివారికి మానసిక వైద్యం అందించే లఫార్గ్ క్లినిక్‌ను స్థాపించిన మనిషి ఆయన. బడుల్లో జాతి వివక్ష పిల్లల మనసును ఎలా గాయపరుస్తుందో న్యాయస్థానం ముందు చెప్పినవాడు. పిల్లల మీద ఆయన ప్రేమ నటన కాదు. అయినా 1954లో ఆయన ప్రచురించిన 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్'లోని సాక్ష్యాలు అనుకున్నంత గట్టివి కావు. ఆయన సొంత కాగితాలనే పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన అనేకచోట్ల మార్చారని, కలిపేశారని 2012లో పరిశోధకురాలు క్యారల్ టిల్లీ చూపించారు. ఇక్కడ నా వాదనకు కావలసిన సంగతి మరొకటి ఉంది. 1954 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపినప్పుడు, నేను సాక్ష్యం చెబుతానని తానై ముందుకొచ్చిన ప్రచురణకర్త గెయిన్స్. తెగిన తల పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న ముఖచిత్రాన్ని సెనేటర్ కెఫావర్ చూపించి నిలదీస్తే, భయానక పత్రికకు అది తగినదేనని ఆయన సమర్థించుకున్నాడు. ఆ జవాబు ఆయనకు చాలా నష్టం చేసింది. అది మంచి జవాబని నేనూ అనను. ఆ ముఖచిత్రం పిల్లలకు తగదని అనుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. కాని ఆ తప్పొప్పులు ఎవరిని అడగాలో దేశానికి తెలిసింది. నాలుగేళ్ల ముందే కథలో ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టిన మనిషి, నిజమైన విచారణలో కూడా సంతకం పెట్టినవాడిగానే నిలబడ్డాడు. సమాజం కళను ప్రశ్నించాలంటే ప్రశ్న వేయడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి కనిపించే ఏర్పాటును మెచ్చుకోవడం అతని జవాబును మెచ్చుకోవడం కాదు.

దానికి బదులుగా వచ్చిన ఏర్పాటు ఎలాంటిదో చూస్తే ఈ తేడా విలువ తెలుస్తుంది. 1954 సెప్టెంబరులో గెయిన్స్ తన భయానక పత్రికలు ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. అక్టోబరులో ప్రచురణకర్తల సంఘం కామిక్స్ కోడ్‌ను తెచ్చింది. పత్రికల పేర్లలో 'హారర్', 'టెర్రర్' అనే మాటలు ఉండకూడదన్నారు. నడిచే శవాలు, రక్తపిశాచాలు, నరతోడేళ్లు నిషిద్ధమయ్యాయి. ఇక బాధ్యత వహించేది మనిషి కాదు, ముఖచిత్రం మూలన వేసే ఒక ముద్ర. ఆ ముద్ర వెనక కూర్చున్నవాళ్లు ఎలా నడుచుకున్నారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఈసీ 1953లో జో ఓర్లాండో బొమ్మలతో 'జడ్జ్‌మెంట్ డే' అనే కథ వేసింది. రంగు తేడాతో తమలో తాము విభజించుకున్న రోబోల గ్రహాన్ని పరీక్షించి, సమాఖ్యలో చేరడానికి ఇంకా అర్హత రాలేదని తేల్చిన వ్యోమగామి చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తాడు. అతను నల్లజాతివాడు. 1956లో ఆ కథను తిరిగి వేయబోతే కోడ్ అధికారి ఆ ముఖాన్ని మార్చమన్నాడు. గెయిన్స్ ఎదురుతిరిగి మార్చకుండానే అచ్చువేశాడు. ఈసీ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే. పేరుతో నిలబడ్డ ప్రచురణకర్త ముఖచిత్రం విషయంలో పొరబడ్డాడనుకున్నా, తరవాత సరిదిద్దుకునే అవకాశం ఉంది, నిలదీసే అవకాశం ఉంది. ముఖం లేని ముద్ర పొరబడినప్పుడు దాన్ని ఎవరి పేరు పెట్టి నిలదీస్తాం? కోడ్ మింగింది దయ్యాలను మాత్రమే కాదు, మనుషులను కూడా. ఇంగెల్స్ ఆ తరవాత కామిక్స్ వదిలేసి ఫ్లోరిడాలో చిత్రలేఖనం నేర్పుకుంటూ బతికాడు. తన పాత బొమ్మల ప్రస్తావన వస్తే దూరంగా ఉండేవాడు.

ఈ ఆలోచన ఈసీతో ఆగిపోలేదన్నదే దాని బలానికి రుజువు. కోడ్ పరిధిలోకి రాని పెద్ద సైజు పత్రికగా వారెన్ సంస్థ 1964లో 'క్రీపీ'ని మొదలుపెట్టింది. తొలి సంచికలోనే ఆర్చీ గుడ్విన్ రాసి ఆల్ విలియమ్సన్ గీసిన 'సక్సెస్ స్టోరీ' ఉంది. బాల్డో స్మజ్ అనే ప్రఖ్యాత స్ట్రిప్ చిత్రకారుడికి నిజానికి రాయడమూ రాదు, గీయడమూ రాదు. కథ ఒకడి చేత, పెన్సిల్ ఒకడి చేత, ఇంకు ఒకడి చేత చాటుగా చేయించుకుని కీర్తి తాను అనుభవిస్తాడు. సంగతి బయటపడేసరికి వాళ్లను చంపేస్తాడు. పేరు దక్కని ఆ పనివాళ్లు శవాలై లేచి వస్తారు. భయానక కథల పాత సూత్రమైన చచ్చినవాడి పగ ఇక్కడ కార్మికుడి హక్కుకు గొంతు ఇచ్చింది. ఇంత సూటిగా తమ పరిశ్రమ నేరాన్ని చెప్పిన కథ ఆ కాలపు కామిక్స్‌లో మరొకటి నాకు కనబడలేదు. 1969లో డీసీ సంస్థ 'హౌస్ ఆఫ్ మిస్టరీ' 180వ సంచికలో గిల్ కేన్ తనను తానే గీసుకున్నాడు. అందులో కేన్ తన సంపాదకుణ్ణి చంపి, చివరికి తన బొమ్మలోనే బందీ అవుతాడు. ఆ సంపాదకుడు ఎవరో కాదు, 'జడ్జ్‌మెంట్ డే' గీసిన జో ఓర్లాండోనే. ఈసీలో నేర్చిన అలవాటు ఆ సంస్థ కామిక్స్ ఆపేశాక దాని చిత్రకారుడితో పాటు మరో సంస్థకు నడిచి వెళ్లింది.

చివరి అభ్యంతరం నా వాదనను లోపలినుంచే తొలుస్తుంది. బాధ్యత గురించి ఇంత మాట్లాడిన ఈసీ బాధ్యతగా ఉందా? అన్నివేళలా లేదు. 1952లో రచయిత రే బ్రాడ్‌బరీ రెండు కథలను అడక్కుండా కలిపి ఒక కథగా వేసింది. ఆయన కోపగించుకోకుండా, పారితోషికం పంపడం మరిచినట్టున్నారని మర్యాదగా ఉత్తరం రాశాడు. గెయిన్స్ డబ్బు పంపాడు, ఆపై అనుమతితో, బ్రాడ్‌బరీ పేరు పెట్టి ఆయన కథలు వేశాడు. బొమ్మలకు సంతకం దక్కింది గాని రోజుకో కథ రాసిన ఫెల్డ్‌స్టీన్ పేరు రచయితగా సాధారణంగా ఉండేది కాదు. ఆ పేజీలకు ఇప్పటికీ గుర్తుండే రంగులు వేసిన మేరీ సెవరిన్‌కు, అక్షరాలు దిద్దిన జిమ్ రోటెన్‌కు కథ మీద చోటు లేదు. కథల్లో పాత్రలైనవాళ్లు దాదాపుగా యజమాని, సంపాదకుడు, పేరున్న చిత్రకారులు. ఈ లోపాలు నిజం. కాని వీటిని లోపాలని మనం అనగలుగుతున్న కొలమానం ఎక్కడిది? చేసినవాడి పేరు ఉండాలన్న సూత్రాన్ని ఆ పుస్తకాలే పాఠకుల్లో నాటాయి. దాన్ని అరకొరగా పాటించారు కనుక సూత్రం తప్పని కాదు, ఇంకా పూర్తి చేయవలసి ఉందని అర్థం. బ్రాడ్‌బరీ ఉదంతమే అందుకు దారి చూపుతుంది. పేరు లేకుండా జరిగిన తప్పు, పేరు పెట్టడంతో సవరణ అయింది.

కనుక నా నివేదన ఇది. భయపెట్టే సాహిత్యాన్నీ బొమ్మనూ తూచేటప్పుడు మనం సాధారణంగా ఎంత రక్తం ఉంది, ఎంత క్రూరత్వం ఉంది అని లెక్కపెడతాం. ఆ లెక్క పనికిరానిదని అనను, వయసును బట్టి ఆ జాగ్రత్త అవసరమే. దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి: దీన్ని చేసిన మనిషి ఎవరు, అతను తన పని ముందు నిలబడటానికి సిద్ధంగా ఉన్నాడా, నిలబడే హక్కు అతనికి ఇచ్చారా? ఈ మూడు ప్రశ్నలకూ సంతృప్తికరమైన జవాబు వచ్చిన చోట తప్పులు జరిగినా సరిదిద్దుకునే దారి ఉంటుంది. రానిచోట ఎంత శుభ్రమైన పుస్తకమైనా ఎవరో ఒకరి దోపిడీ మీద నిలబడి ఉండవచ్చు. పాత కామిక్స్‌ను సేకరించి తిరిగి అచ్చువేస్తున్నవాళ్లు ఇవాళ రంగులు వేసినవారి పేర్లను, అక్షరాలు దిద్దినవారి పేర్లను వెతికి చేర్చాలి. మన పత్రికలు, ప్రచురణ సంస్థలు పాత సంచికలను పుస్తకాలుగా తెచ్చేటప్పుడు కథకుడి పేరుతో పాటు బొమ్మ వేసినవారి పేరు విషయసూచికలోనే వేయాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఒక్క పంక్తి చోటు చాలు. పత్రికా చిత్రకారుడి పేరుతో సభ జరుపుకునే మనకు ఆ పంక్తి అడిగే అర్హత ఉంది, అడగవలసిన బాధ్యతా ఉంది.